రూల్ బుక్ 11వ పేజీలో ఒక ‘లేదా’: దిగ్బంధం రూలు సవరణ

మా చెన్నై షాపులో కోరమాండల్ తీరం యుద్ధాల బోర్డు ఆట (18వ శతాబ్దంలో ఇంగ్లీషు, ఫ్రెంచి పక్షాల పోరు) కొన్నవాళ్లందరికీ నమస్కారం. తెలుగు రూల్ బుక్ 11వ పేజీ తీయండి. ‘సముద్ర దిగ్బంధం లేదా కోట ముట్టడి ఉంటే లోపలికి తిండి రాదు’ అని అచ్చయింది. ‘లేదా’ కొట్టేసి, ‘ముట్టడి’ తర్వాత ‘రెండూ’ అని రాసుకోండి. ప్రూఫు చూసింది మేమే, తప్పు మాదే. ఆ ఒక్క మాటతో ఆట కుంటుపడింది. ఇంగ్లీషు పక్షం వాళ్లు మూడు ఓడలు పుదుచ్చేరి ముందు నిలబెట్టి, కాలు కదపకుండా మూడు టర్నుల్లో గెలిచేస్తున్నారు. ఫ్రెంచి పక్షం తీసుకోవడానికి ఇంట్లో ఎవరూ రావడం లేదని మీరు చేసిన ఫిర్యాదు న్యాయమైనదే.

అసలు లెక్క చెప్తాం. పుదుచ్చేరి తిండి నిల్వ 6 పసుపు క్యూబులు. దండు, ఊరి జనం కలిసి టర్నుకు 2 తింటారు. ఓడలు మాత్రమే అడ్డుంటే భూమార్గాన 1 క్యూబు వస్తూనే ఉంటుంది. అంటే తరిగేది టర్నుకు 1, కోట లొంగాలంటే 6 టర్నులు. మన టర్ను రెండు నెలలు కాబట్టి అది నిండా ఏడాది, మధ్యలో ఈశాన్య రుతుపవనం తప్పదు. భూమి మీద ముట్టడి కూడా ఉంటే తరిగేది 2, మూడు టర్నుల్లో సరి.

చరిత్రలోనూ అంతే. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ ఇంగ్లీషువాళ్ల మద్రాసు కోటను భూమి వైపు నుంచి ముట్టడించాడు, సముద్రం మాత్రం తెరిచే ఉంది. 1759 ఫిబ్రవరి 16న ఇంగ్లీషు ఓడలు కనబడగానే ముట్టడి ఎత్తేసుకుని పోయాడు. 1748లో ఇంగ్లీషు నౌకాధిపతి బోస్కావెన్ దగ్గర ఓడలూ ఉన్నాయి, సైన్యమూ ఉంది. కానీ పుదుచ్చేరి ముట్టడి ఆగస్టులో మొదలుపెట్టాడు, అక్టోబరులో వానలు తరిమేశాయి. ఆటలో ఎక్కువమంది చేసేది బోస్కావెన్ పొరపాటే.

అందుకే ఇంగ్లీషు పక్షం వాళ్లు ముట్టడి మే-జూన్ టర్నులో మొదలుపెట్టండి. దానికి ముందు, మార్చి-ఏప్రిల్‌లో, ఫ్రెంచివాళ్ల చేతిలోని కారైకాల్ పట్టుకోండి. దాన్ని వదిలేస్తే అక్కడి నుంచి చిన్న పడవలు రాత్రిపూట టర్నుకు 1 క్యూబు చేరవేస్తాయి, మీ ముట్టడి లెక్క సగానికి పడిపోతుంది. 1760 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్లు కారైకాల్ తీసుకున్నాకే పుదుచ్చేరి మీదికి వెళ్లింది ఊరికే కాదు.

ఇక ఓడల అరుగుదల. చాలామంది దెబ్బతింటున్నది ఇక్కడే. ఒక్కో ఓడకు బలం 4 గీతలు. దిగ్బంధంలో నిలబడ్డ ప్రతి టర్నుకు 1 గీత పోతుంది. తుఫాను పడితే 2 పోతాయి, ఆ టర్నుకు అరుగుదల వేరుగా లెక్కకట్టరు. 2 గీతలో అంతకు తక్కువో ఉన్న ఓడ తుఫానులో మునిగినట్టే. పుదుచ్చేరి దిగ్బంధానికి 3 ఓడలు కావాలి కదా అని మూడే తెచ్చుకుంటే పని కాదు, ఐదు కావాలి. వాటిని క, ఖ, గ, ఘ, చ అనుకోండి. మే-జూన్‌లో క, ఖ, గ నిలబడతాయి, ఘ, చ కడలూరులో లంగరు. జూలై-ఆగస్టులో గ వెనక్కి, దాని చోటికి ఘ. ఇప్పుడు క, ఖలకు మిగిలింది 2 గీతలే, వాటిని మరమ్మతుకు బొంబాయి డాకుకు పంపేయండి. సెప్టెంబరు-అక్టోబరులో గ, ఘ, చ నిలబడతాయి: 3, 3, 4. తుఫాను వచ్చినా మూడూ తేలతాయి. అదే మొదటి మూడింటినీ రెండు టర్నులు కదపకుండా ఉంచారనుకోండి, మూడో టర్నుకు గట్టి ఓడలు రెండే మిగులుతాయి. మూడో చోట 2 గీతల ఓడను పెట్టి పాచిక మీద భారం వేయడమే. కడలూరులో లంగరేస్తే అరుగుదల ఆగుతుంది గానీ పోయిన గీత తిరిగి రాదు, బొంబాయి వెళ్తే రెండు టర్నులు ఆటలో ఉండదు.

తుఫాను పట్టికలోనూ సవరణ ఉంది. సెప్టెంబరు-అక్టోబరుకు పాచిక 5, 6. నవంబరు-డిసెంబరుకు 4, 5, 6. ఇవి పాతవే. జనవరి-ఫిబ్రవరికి ఏమీ పెట్టలేదు, ఇప్పుడు 6 పడితే తుఫాను. 1761 జనవరి 1న పుదుచ్చేరి ముందున్న ఇంగ్లీషు నౌకాధిపతి స్టీవెన్స్ దళాన్ని తుఫాను చావుదెబ్బ కొట్టింది, దాన్ని మేం వదిలేయడం సిగ్గుచేటు. ఆరింట ఒకటి కాస్త ఎక్కువే, అయినా పాచిక భయం లేకపోతే జనవరిలో ఓడల్ని ఎవరూ కదపరు. ఆ తుఫాను తర్వాత కూడా పుదుచ్చేరికి ఊపిరి అందలేదు, ఎందుకంటే తిండి తెచ్చే ఫ్రెంచి ఓడ దరిదాపుల్లో లేదు. జనవరి మధ్యకల్లా కోట లొంగిపోయింది. అందుకే కొత్త రూలు: తుఫాను తర్వాత ఒక్క ఓడ మిగిలినా, ఆ తీరంలో శత్రు ఓడ లేకపోతే దిగ్బంధం నిలుస్తుంది.

ఫ్రెంచి పక్షం వాళ్లకు: ఇంగ్లీషు ఓడల్ని ముంచాలని చూడకండి, అరగదీయండి. జూలై-ఆగస్టులో ఒక్క పోరు పెట్టుకుంటే రెండు వైపులా 1 గీత పోతుంది, పైన చెప్పిన వంతుల లెక్క తలకిందులవుతుంది. తర్వాత వెనక్కి తగ్గండి. ఫ్రెంచి స్థావరమైన మారిషస్‌కు మాత్రం పోకండి, అది మూడు టర్నుల దూరం. 1758, 59లలో ఫ్రెంచి నౌకాధిపతి దాషే మూడుసార్లు పోరాడాడు, నిర్ణయాత్మక ఓటమేమీ లేదు. చివరికి మారిషస్ వెళ్లి ఈ తీరానికి తిరిగి రాలేదు. లాలీని ముంచింది అదే. ఇంకోటి, సరుకు ఓడ వచ్చిన టర్నులోనే క్యూబులు లోపల పెట్టేస్తున్నారు, తప్పు. ఈ తీరంలో అప్పుడు రేవు లేదు. పెద్ద ఓడ దూరంగా ఆగాలి, కొబ్బరిపీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటించి సరుకు దించాలి. కాబట్టి క్యూబులు ఆ తర్వాతి టర్నులోనే లెక్కకొస్తాయి, ఈలోగా ఓడ మీద దాడి చేయవచ్చు. మరీ గతిలేకపోతే ఊరి జనాన్ని బయటికి పంపండి, తిండి టర్నుకు 1కి దిగుతుంది, పరువు 1 పోతుంది. 1760 నవంబరులో లాలీ చేసింది ఇదే.

పెట్టెలో పసుపు క్యూబులు 20 వేశాం, కావాల్సింది 26: మద్రాసు, పుదుచ్చేరి చెరో 6, కడలూరు, మచిలీపట్నం చెరో 4, కారైకాల్ 2, సరుకు ఓడలకు 4. తక్కువైన 6 ఉచితంగా ఇస్తున్నాం, అందేదాకా కందిపప్పు బద్దలు వాడుకోండి. ఓడ బ్లాకుల స్టిక్కర్లు చెన్నై ఉక్కకు అంచులు లేస్తున్నాయి. పొడిగుడ్డతో తుడిచి, లేచినచోట జిగురు రాసి, రాత్రంతా బరువైన పుస్తకం కింద ఉంచితే చాలావరకు అంటుకుంటాయి. ఊడి వచ్చేసినవాటికి కొత్త షీటు ఉంది. బిల్లు అక్కర్లేదు, 11వ పేజీ ఫొటో చూపిస్తే చాలు. బయటి ఊళ్లకు పోస్టు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

మచిలీపట్నం దిగ్బంధానికి 2 ఓడలు చాలునా అన్నది ఇంకా ఆడి చూస్తున్నాం. తేలేదాకా 2తోనే ఆడండి.