ఓపెన్ టెన్త్‌లో చేరి మధ్యలో మాయమైన పిల్లల లెక్క చెప్పండి

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. రోజూ బడికి పోకుండా చదివి రాసే ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో ఒక ఉత్తీర్ణత శాతం వేస్తారు. అది పరీక్షకు హాజరైన వాళ్ల మీద కట్టిన లెక్క. అడ్మిషన్ తీసుకుని, ఫీజు కట్టి, హాల్ టికెట్ దాకా కూడా రాకుండా ఆగిపోయిన వాళ్లు అందులో ఉండరు. నా గొడవంతా వాళ్ల గురించే.

నేను లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను (కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను). సర్వీసు చివర్లో ఒక ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్లో సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు, అంటే ఎదురుగా కూర్చోబెట్టి పాఠాలు, చెప్పాను. మొదటి ఆదివారం ముప్పై మందికి పైగా వచ్చారు. గోళ్లలో గ్రీజుతోనే వచ్చిన బైక్ మెకానిక్ కుర్రాడు, పదో తరగతి ఉంటే ప్రమోషన్ వస్తుందని ఎవరో చెబితే విని వచ్చిన ఒక ఆయా, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని నోట్సు రాసుకునే తల్లి. దసరా దాటేసరికి ఆరుగురు మిగిలారు. రిజిస్టర్లో మాత్రం ముప్పై మందీ వస్తూనే ఉన్నారు, ఒకే నీలం పెన్నుతో, ఒకే చేతిరాతతో. కింద నా సంతకం కూడా ఉంది, దాచుకోవడం దేనికి.

ఒకమ్మాయి, పద్దెనిమిదేళ్లది, ఏడో తరగతిలో బడి మానేసి పత్తి ఏరడానికి పోయింది. భిన్నాలు రావు. ఆమె చేతిలో మనం నేరుగా పదో తరగతి గణితం పుస్తకం పెట్టాం. వర్గ సమీకరణాలు పక్కన పెట్టి రెండు ఆదివారాలు భిన్నాలే చెప్పాను. మూడో ఆదివారం మూడోవంతు, నాలుగోవంతు కలిపితే పన్నెండింట ఏడు అని తనే చెప్పింది. నాలుగో ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల నాన్న ఎత్తి "పత్తి అయిపోయినంక పంపిస్త సార్" అన్నాడు. పత్తి అయిపోయేసరికి పరీక్ష ఫీజు గడువూ అయిపోయింది. ఆ ఫోన్ చేయడం అక్కడ ఎవరి డ్యూటీ కాదు, నేనూ ఒక్కసారే చేశాను.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. ఓపెన్ టెన్త్‌లో చేరడానికి కనీస వయసు 14. అంటే చట్టం చెయ్యి వదిలేసిన చోట ఈ పిల్లలు మన దగ్గరికి వస్తున్నారు, ఇక్కడ కూడా వదిలేస్తే వాళ్లకు ఇంకో మెట్టు లేదు. ఈ ఖాళీలోనే "పాస్ గ్యారంటీ, క్లాసులకు రానక్కర్లేదు" అనే దళారులు దూరుతున్నారు.

అలాగని సెంటర్లను మామూలు బడులతో పోల్చి, శాతం తగ్గితే మూసేస్తామని బెదిరించకండి దయచేసి. అట్లా చేస్తే పాసయ్యేవాళ్లను మాత్రమే చేర్చుకుని, భిన్నాలు రాని అమ్మాయిని గేటు దగ్గరే పంపించేస్తారు. ప్రతి సెంటర్ దగ్గరా ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు, అడ్మిషన్‌కు ఉన్న అయిదేళ్ల గడువులో ఎంతమంది పాసయ్యారు, పాసైన వాళ్లు తర్వాత ఏం చేస్తున్నారు, ఇంతే రాయించండి, రాసింది అందరికీ కనబడేలా పెట్టండి. చేరినప్పుడు ఎవరికి ఏం వచ్చో చూసి మొదటి రెండు నెలలు ఆ పునాది చెప్పించండి, దానికి ట్యూటర్లకు వేరే డబ్బులివ్వండి. కేంద్రం విద్యా పథకం సమగ్ర శిక్షలో 16-19 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు ఓపెన్ చదువు కోసం ఏడాదికి రూ.2,000 దాకా సాయం ఇవ్వొచ్చని ఉంది. మా సెంటర్ నోటీసు బోర్డు మీద ఆ మాట నేనెప్పుడూ చూడలేదు.

ఆ అమ్మాయి అడ్మిషన్‌కు ఇంకా రెండేళ్ల గడువుంది సార్. ఫోన్ నంబర్ దరఖాస్తులోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్