క్లౌడ్‌లో పెట్టిన లెక్కలు వెనక్కి వచ్చే దారి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా కేంద్రం నిర్మిస్తామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించిన నాటి నుంచి ఆ భవనాలకు కావలసిన భూమి గురించి, కరెంటు గురించి, నీళ్ల గురించి మన పత్రికల్లో చాలా చర్చ నడుస్తోంది. అది జరగవలసిన చర్చే. అయితే అటువంటి భవనాల్లోని కంప్యూటర్లలో చోటు అద్దెకు తీసుకుని, దాన్ని చిన్న చిన్న వాటాలు చేసి మా వంటి ఊళ్లలో అమ్మే వ్యాపారం ఒకటి పదేళ్లుగా పెరుగుతూ వస్తోంది. అందులో తన లెక్కలు దాచుకున్న చిన్న వ్యాపారి పరిస్థితి ఏమిటన్నది మాత్రం ఎవరి చర్చలోనూ కనిపించడం లేదు. స్వయంగా దెబ్బ తిన్నవాణ్ణి కనుక ఆ సంగతి రాస్తున్నాను.

వ్యాట్ వచ్చిన 2005 నుంచి నేను చిత్తూరులో పన్ను రిటర్నులు వేసే వృత్తిలో ఉన్నాను. నా క్లయింట్లలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వారు, గ్రానైటు వ్యాపారులు, తిరుపతిలో లాడ్జీలు నడిపేవారు ఉన్నారు. ఒకప్పుడు అందరి లెక్కలూ వారి వారి ఆఫీసు కంప్యూటర్లలోనే ఉండేవి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు ఒక క్లయింటు గ్రౌండ్ ఫ్లోరు ఆఫీసులోని కంప్యూటరూ, దాని పక్కనే సొరుగులో పెట్టిన బ్యాకప్ హార్డ్ డిస్కూ రెండూ మునిగిపోయాయి. ఆ తరువాతే తొమ్మిదిమంది క్లయింట్లు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో రాసుకునే పద్దులను క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే దూరపు కంప్యూటర్లకు, మార్చమని నేనే సలహా ఇచ్చాను. కాబట్టి జరిగినదానిలో నా పాలు లేదని చెప్పను.

మేము చేరింది పెద్ద కంపెనీ దగ్గర కాదు. ఒక పెద్ద కంపెనీ సర్వర్లను, అంటే ఆ దూరపు కంప్యూటర్లను, అద్దెకు తీసుకుని, వాటి మీద టాలీ ఎక్కించి, మనిషికి నెలకు ఇంత అని వసూలు చేసే ఒక బయటి ఊరి సంస్థ దగ్గర చేరాము. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2025 జూలై 9 ఉదయం ఏ ఆఫీసులోనూ స్క్రీను తెరుచుకోలేదు. అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1కు గడువు 11వ తేదీ. ఫోను మోగుతుంది గానీ ఎత్తేవారు లేరు. ఆరో రోజున ‘సర్వర్ల మార్పిడి జరుగుతోంది’ అని ఒక మెయిలు వచ్చింది. అసలు సంగతేమిటంటే, తాము అద్దెకు తీసుకున్న సర్వర్లకు ఆ సంస్థ బాకీ పడిందట, పెద్ద కంపెనీ ఖాతాను నిలిపివేసిందట. ఈ మాట ఆ సంస్థ ఉద్యోగి ఒకరు తరువాత నోటిమాటగా చెప్పారు. పదిహేడు రోజులకు, ‘రిట్రీవల్ ఛార్జీ’ పేరుతో అదనంగా డబ్బు కట్టించుకున్నాక, మాకు లెక్కలు అందాయి. అవి జూన్ 19 వరకే ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి జూలై 8 దాకా పంతొమ్మిది రోజులు లేవు.

మామిడి సంగతి తెలిసినవారికి ఆ పంతొమ్మిది రోజులంటే ఏమిటో వివరించనక్కర్లేదు. తోతాపురి కోత ముమ్మరంగా సాగి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రింబగళ్లు బారులు తీరే రోజులవి. పైగా ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించిన సీజను అది. ఎవరు ఎంత తోలారన్న లెక్కకు ఎన్నడూ లేనంత విలువ వచ్చింది. అమ్మకాల బిల్లులు సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లుల పోర్టల్ నుంచి తిరిగి రాబట్టుకోగలిగాము. రిజిస్టరు డీలర్ల దగ్గర కొన్న డ్రమ్ములు, డబ్బాల బిల్లులు, అమ్మినవారు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే జీఎస్టీఆర్-2బీ పట్టికలో కనబడ్డాయి. రైతు దగ్గర కొన్న కాయ మాత్రం ఏ పోర్టల్‌లోనూ ఉండదు. దానికి ఉన్న ఆధారమల్లా కాటా చీటీ ఒక్కటే. ఇద్దరు గుమాస్తాలు నెల రోజుల పాటు నలిగిపోయిన కాటా చీటీలను ముందేసుకుని కూర్చుని ఆ పద్దులన్నీ మళ్లీ ఎక్కించారు.

ఇదంతా అయ్యాక ఆ సంస్థతో మేము చేసుకున్న ఒప్పందాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు. సమాచారం పోతే బాధ్యత వినియోగదారుడిదేనని, బ్యాకప్ ‘వీలైనంతవరకు’ తీస్తామని అందులో ఉంది. సేవ ఆపితే ఎన్నాళ్లలోగా లెక్కలు తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఏదీ లేదు. సర్వరు ఎక్కడుందో చెప్పే వాక్యం లేదు. అడిగితే సింగపూర్ అన్నారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ వ్యాపారానికి ఇప్పటి రూపం ఇచ్చింది అమెజాన్ సంస్థ. 2006 మార్చి 14న ఎస్3 అనే నిల్వ సేవను మొదలుపెట్టి, ఒక జీబీని నెల రోజులు దాచడానికి 15 సెంట్లు, ఒక జీబీని అటూ ఇటూ పంపడానికి 20 సెంట్లు ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో కంప్యూటర్‌ను గంటకు 10 సెంట్ల చొప్పున అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేరుతో అనేక వాటాలుగా విడగొట్టి, ఒకరి వాటాలోకి మరొకరు తొంగిచూడకుండా నడపగలగడం వల్లనే ఇది సాధ్యమైంది. సర్వరు కొనడానికి లక్షలు లేని కుర్రాళ్లు కంపెనీలు పెట్టగలిగారంటే ఈ గంట అద్దె చలవే. ఆ మేలును నేను కాదనను. గూగుల్ 2008లో, మైక్రోసాఫ్ట్ 2010లో ఈ వ్యాపారంలోకి వచ్చాయి; పోటీతో నిల్వ ధర రెండు సెంట్ల చిల్లరకు దిగింది. మైక్రోసాఫ్ట్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలోను, అమెజాన్ 2016లో ముంబైలోను, 2022 నవంబరులో హైదరాబాద్‌లోను తమ కేంద్రాలు తెరిచాయి. అంటే మన లెక్కలు దేశం దాటవలసిన అవసరం తీరి చాలా ఏళ్లయింది. అయినా మావి సింగపూర్‌లో ఎందుకున్నాయంటే, ఎవరూ అడగలేదు కనుక.

ఆ తొలి ధరల పట్టికలోనే నేను గమనించిన విషయం ఒకటుంది. ఒక జీబీని నెల రోజులు ఉంచడానికయ్యే ఖర్చు కంటే దాన్ని బయటికి తెచ్చుకోవడానికయ్యే ఖర్చే ఎక్కువ. 2011 జూలై నుంచి లోపలికి పంపేందుకు అమెజాన్ ఛార్జీ ఎత్తివేసింది. బయటికి తెచ్చుకునే ఛార్జీని ఉంచింది. మా వైపు మామిడి తోటను గుత్తకు ఇచ్చేటప్పుడు గుత్తదారు ఏ తేదీకి తోట ఖాళీ చేయాలో, ఎండిన కొమ్మ ఎవరిదో కూడా ముందే మాట్లాడుకుంటారు. కోట్ల రూపాయల లెక్కలను అప్పగించేటప్పుడు ఆ పాటి మాట కూడా అనుకోని అమాయకత్వం మాకు ఎలా వచ్చిందో తెలియదు. ‘క్లౌడ్’ అన్న పేరులోనే ఏదో మాయ ఉన్నట్టుంది. కేంద్ర ప్రభుత్వం కూడా తన క్లౌడ్‌కు ‘మేఘరాజ్’ అని పేరు పెట్టుకుంది. మబ్బును నమ్ముకుంటే ఏమవుతుందో చిత్తూరు జిల్లా రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు గానీ, ఆ రైతు లెక్క రాసే మాకే ఆ జ్ఞానం లేకపోయింది.

చిన్న సంస్థను నమ్మడమే పొరపాటని, పెద్ద కంపెనీ అయితే ఇలా జరిగేది కాదని నాకు చెప్పినవారున్నారు. అది సగం నిజం. నిర్వానిక్స్ అనే అమెరికా నిల్వ సంస్థ 2013 సెప్టెంబరులో మూతపడుతూ తన ఖాతాదారులకు ఇచ్చిన వ్యవధి సుమారు రెండు వారాలు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద సంస్థ డేటా కేంద్రం తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవారు రెండూ పోగొట్టుకున్నారు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి గూగుల్ క్లౌడ్‌లో నడుపుకుంటున్న వ్యవస్థ పొరపాటున తుడిచిపెట్టుకుపోయింది. వేరొక సంస్థ దగ్గర కూడా నకలు ఉంచుకోవడం అది తిరిగి నిలబడడానికి తోడ్పడింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు పత్రాలు దాచుకునే వ్యవస్థలోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. పరిమాణం మరీ ఎక్కువని దానికి బయట నకలే తీయలేదు. తిరుపతిలో సొరుగులోని హార్డ్ డిస్కు మునగడానికీ దీనికీ నాకు తేడా కనిపించదు.

మన చట్టం ఈ విషయంలో ఎటు నిలబడిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బాధ్యతంతా లెక్కలు ఎవరివో వారి మీదే పెట్టింది. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు పుస్తకాలు భద్రపరచాలి. కంపెనీగా నమోదైన వారైతే, 2022 ఆగస్టులో సవరించిన నిబంధన ప్రకారం, ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోనే ఉన్న సర్వరులో ఉంచాలి. అంటే నా గుజ్జు ఫ్యాక్టరీ క్లయింటు తనకు తెలియకుండానే మూడేళ్లు నిబంధన తప్పాడు; తప్పేలా చేసిన, లెక్కలు తన దగ్గర ఉంచుకున్న సంస్థకు మాత్రం ఆ నిబంధన వర్తించదు. పోనీ వినియోగదారుల కమిషన్‌కు వెళదామంటే, వ్యాపార ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవారిని 2019 చట్టం వినియోగదారు నిర్వచనం నుంచే తప్పించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనుషుల వ్యక్తిగత వివరాలకు సంబంధించినదే గాని ఫ్యాక్టరీ ఆవర్జాలకు సంబంధించినది కాదు. మిగిలింది సివిలు దావా. నెలకు కొన్ని వేలు అద్దె కట్టే వ్యాపారి ఇంకో రాష్ట్రంలో దావా వేసి ఏళ్ల తరబడి తిరుగుతాడా?

దీనికి మందు లేకపోలేదు. ఐరోపా సమాఖ్యలో 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం, క్లౌడ్ సేవ నుంచి మారదలచిన ఖాతాదారు రెండు నెలలకు మించిన నోటీసు ఇవ్వనక్కర్లేదని, మార్పిడి సాధారణంగా 30 రోజుల్లో ముగించాలని, ఆ తరువాత కూడా కనీసం 30 రోజులు అతని సమాచారం తీసుకోవడానికి వీలుగా ఉంచాలని చెబుతోంది. 2027 జనవరి 12 నుంచి మారినందుకు ఛార్జీలే వసూలు చేయకూడదు. ఆ చట్టం కనుచూపు మేరలోకి రాగానే, 2024 జనవరి, మార్చి నెలల మధ్య గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ పూర్తిగా ఖాళీ చేసి వెళ్లేవారి నుంచి బయటికి పంపే ఛార్జీ తీసుకోబోమని వరుసగా ప్రకటించాయి. అడిగే ప్రభుత్వం ఉంటే పెద్ద కంపెనీలు వింటాయి. చిక్కల్లా ఆ కంపెనీలకూ మనకూ మధ్య ఉన్న ఉపగుత్తదారులతోనే. పెద్ద కంపెనీ దృష్టిలో ఖాతాదారు ఆ మధ్యవర్తి మాత్రమే. మేము ఉన్నట్టు కూడా దానికి తెలియదు. మధ్యవర్తి బాకీ పడితే నిలిచిపోయేది మా లెక్కలు.

కాబట్టి కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ క్లౌడ్ చోటును తిరిగి అమ్మే సంస్థలకు ఒక నమూనా ఒప్పందాన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. సర్వరు ఏ దేశంలో, ఏ నగరంలో ఉంది, రెండో నకలు ఎక్కడ ఉంది, సేవ ఆగితే ఎన్ని రోజుల్లో, ఏ ఫార్మాట్‌లో లెక్కలు చేతికి వస్తాయి అన్నవి మొదటి పేజీలోనే, తెలుగులో కూడా, ఉండాలి. మధ్యవర్తి చెల్లించకపోతే ఖాతా ఆపే ముందు అసలు వాడుకరికి తెలియజేసి, తన సమాచారం తీసుకోవడానికి కనీసం నెల రోజులు గడువిచ్చే ఏర్పాటు పెద్ద కంపెనీలు చేయాలి. భూమి కోసం, కరెంటు కోసం వారు మన రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడుకుంటున్న ఈ సమయంలో ఈ ఒక్క షరతు అడగడం పెద్ద పని కాదని నా అభిప్రాయం. చిత్తూరు, తిరుపతి జిల్లాల పరిశ్రమల కేంద్రాలు కనీసం సీజను మొదలయ్యే ముందు ఫ్యాక్టరీల వారిని పిలిచి ఇటువంటి ఒప్పందాల్లో ఏం చూసుకోవాలో ఒక పూట చెప్పించగలవు.

నా వృత్తిలోని మిత్రులు అంతవరకు ఆగకండి. మా తొమ్మిదిమందినీ దేశంలోనే సర్వరు ఉన్న వేరొక సంస్థకు మార్చాను. దానితో పాటు ప్రతి సాయంత్రం ఒక నకలు దించుకుని, ఆఫీసులో కాకుండా వేరొక ఇంట్లో ఉంచుతున్నాము. నెలకు ఒకసారి ఆ నకలును తెరిచి నిజంగా తెరుచుకుంటోందో లేదో చూస్తున్నాము. ఈ చివరి పని చాలామంది చేయరు. మొదటి నెలలోనే మా నకళ్లలో రెండు తెరుచుకోలేదు.

ఆ సంస్థకు రాసిన మెయిళ్లు, ఒప్పందం ప్రతి, కట్టిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. సంబంధిత శాఖ అధికారులెవరైనా అడిగితే పత్రిక ద్వారా వారికి అందజేస్తాను. క్లయింట్ల వ్యాపార గోప్యత దృష్ట్యా నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక పన్నుల ప్రాక్టీషనరు,
చిత్తూరు