పార్కిన్సన్స్ రోగులకు హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇవ్వకండి

సంపాదకుడు గారికి,

పార్కిన్సన్స్ అంటే చేతుల వణుకే అందరికీ గుర్తొస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి లేనివి కనబడతాయన్న సంగతి మాత్రం ఇళ్లల్లో ఎవరూ పైకి చెప్పరు. మంచం పక్కన పిల్లలు కూర్చున్నారంటారు, గదిలో పిల్లి తిరుగుతోందంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు కొందరు, పిచ్చి పట్టిందని నలుగురికీ తెలియకుండా దాచేవాళ్లు కొందరు. ఇది ఆ జబ్బు వల్లా, దానికి వాడే మందుల వల్లా వచ్చే లక్షణం. దీనికి వైద్యం ఉంది. అయితే తప్పు మందు పడితే నడిచే మనిషి మంచాన పడతాడు.

మా అత్తగారికి చాలా ఏళ్లుగా పార్కిన్సన్స్. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెడుతుంటే, భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ అనే మందు ఇంజెక్షన్ చేశారు. తెల్లారేసరికి ఒళ్లు కొయ్యబారిపోయింది, మంచినీళ్లు కూడా మింగలేకపోయారు. ఆవిడ పార్కిన్సన్స్ మందు లెవోడోపా వాడుతున్నారని కేస్ షీట్‌లో రాసే ఉంది.

ఈ జబ్బులో మెదడులో కదలికలని నడిపించే డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతుంది. మిగిలిన ఆ కాస్తనీ హాలోపెరిడాల్ పనిచేయనివ్వదు. అదే రకం మందులైన రిస్పెరిడోన్, ఒలాంజపైన్ వేసినా కదలికలు దెబ్బతింటాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తోనూ ఇదే ప్రమాదం. ఇవన్నీ వైద్య విద్యార్థులు చదువుకునే విషయాలే.

ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో, ఒంట్లో నీరు, సోడియం తగ్గాయేమో చూడాలి. తర్వాత ట్రైహెక్సిఫెనిడిల్, అమాంటాడిన్, ప్రమిపెక్సోల్ లాంటి పార్కిన్సన్స్ మందులని డాక్టరు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. లెవోడోపా జోలికి చివర్లోనే వెళ్తారు. ఇంట్లోవాళ్లు భయపడి దేన్నీ ఒక్కసారిగా ఆపేయకూడదు. అప్పటికీ తగ్గకపోతే తక్కువ డోసులో క్వెటియాపైన్ గానీ క్లోజపైన్ గానీ ఇస్తారు. క్లోజపైన్ పనిచేస్తుందని 1999లోనే ట్రయల్స్‌లో తేలింది, కాకపోతే తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయేమో చూడటానికి క్రమం తప్పక రక్తపరీక్షలు చేయించాలి. అమెరికాలో అచ్చంగా ఈ లక్షణం కోసమే పిమావాన్సెరిన్‌కి 2016లో అనుమతిచ్చారు. మతిమరుపు జబ్బు కూడా ఉన్న వృద్ధులకి భ్రమలు తగ్గించే ఈ రకం మందులన్నిటితోనూ ప్రాణాపాయం పెరుగుతుంది, కాబట్టి న్యూరాలజిస్టు చెప్పకుండా ఏదీ వాడకూడదు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకీ నా విన్నపం ఒకటే. పార్కిన్సన్స్ రోగి కేస్ షీట్ పైన ‘హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్ ఇవ్వరాదు’ అని ఎర్ర సిరాతో రాయడం ప్రతి ఆస్పత్రిలో తప్పనిసరి చేయండి. జిల్లా ఆస్పత్రుల్లో క్వెటియాపైన్ ఎప్పుడూ స్టాకులో ఉండేలా చూడండి. రాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టర్లనీ నర్సులనీ నేను తప్పుపట్టడం లేదు. ఒక్కరే అంతమంది రోగులని చూసుకునేటప్పుడు హెచ్చరిక కళ్లకి కనబడేలా ఉండాలి కదా. అది జరిగేదాకా, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు దయచేసి ఆ రెండు పేర్లూ తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఒక కార్డు మీద రాసి మందుల డబ్బాలో పెట్టుకోండి. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ఎవరూ అడగకముందే చూపించండి.

– ఒక పాఠకురాలు, తణుకు