కొండల గురించి రాశారు, కార్గిల్ ఊరి గురించీ రాయండి

సంపాదకుడు గారికి,
నమస్కారం.

కార్గిల్ విజయ దివస్ నాడు మీరు వేసిన పేజీ చదివాను. 1999 యుద్ధంలో తోలోలింగ్, టైగర్ హిల్ కొండల మీద జరిగిన పోరాటాల గురించి బాగా రాశారు. ఆ కొండల కింద ఉన్న ఊరి గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. మా ముమ్మిడివరం టీ కొట్టు దగ్గర ఆ పేజీ చూసిన కుర్రాడొకడు "ఆ బోడి కొండల కోసం ఇంతమంది ప్రాణాలా తాతా?" అని అడిగాడు. తోచింది చెప్పాను గానీ తృప్తి కలగలేదు. తొంభైల్లో శ్రీనగర్–లేహ్ రోడ్డు మీద ఆర్మీ లారీ నడిపినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోడ్డు పదకొండు వేల అడుగులు దాటిన జోజిలా కనుమ ఎక్కి, ద్రాస్ మీదుగా కార్గిల్ చేరి, అక్కణ్ణుంచి లడఖ్‌లోని లేహ్ వెళుతుంది. మా రోజుల్లో మంచు పడిందంటే నెలల తరబడి దారి మూతే. చలికాలానికి కావలసిన బియ్యం, పప్పు, కిరోసిన్, మందులు అన్నీ వేసవిలోనే చేరవేయాలి. కార్గిల్ దాదాపు సగం దారిలో ఉంటుంది. మా కాన్వాయ్ రాత్రికి ఆగేది అక్కడే. 1999లో పాకిస్తాన్ సైన్యం శిఖరాలెక్కి కూర్చున్నది ఈ రోడ్డు మీద కన్నేసి ఫిరంగులు పేల్చడానికే. రోడ్డు తెగితే లేహ్‌కు, ఆ పైన సియాచిన్‌కు సరుకు ఆగిపోతుంది. 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ప్రాణమిచ్చిన ఆ చైనా సరిహద్దుకూ లేహే ఆధారం.

దారి తెగడమంటే ఏమిటో కోనసీమ వాళ్ళకు వేరే చెప్పాలా? యానాం–ఎదుర్లంక వంతెన పడకముందు, గోదావరి దాటించే పంటు కదలని రోజున కాకినాడ ఆస్పత్రి ఎంత దూరమయ్యేదో మా వయసు వాళ్ళకు తెలుసు. వరదకు కాజ్‌వే మునిగితే లంకల్లో ఇప్పటికీ పడవే దిక్కు.

1948 సంగతి మన పిల్లలకు అసలు తెలియదు. ఆ ఫిబ్రవరి నుంచి కార్గిల్‌కు ఉత్తరాన ఉన్న స్కర్దూ కోటలో మన లెఫ్టినెంట్ కల్నల్ షేర్ జంగ్ థాపా ఆరు నెలలు పాకిస్తాన్ పక్షపు ముట్టడిని తట్టుకున్నారు. తిండీ మందుగుండూ అయిపోయి ఆగస్టులో కోట పడిపోయింది. అప్పుడు పోయిన స్కర్దూ మళ్ళీ మన చేతికి రాలేదు. అంతకుముందే మే నెలలో కార్గిల్ కూడా చేజారింది. లేహ్ ఒంటరిదైపోయింది. ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికులతో కలిసి అక్కడ విమానం దిగే పట్టీ చదును చేయించారు. మే 24న మన వైమానిక దళ అధికారి మెహర్ సింగ్ దాని మీద డకోటా విమానం దించారు. లేహ్ నిలిచింది ఆ పట్టీ వల్లే. నవంబరులో జోజిలా మీదికి ట్యాంకులు ఎక్కించాక గానీ కార్గిల్ మళ్ళీ మనది కాలేదు. కార్గిల్ నుంచి స్కర్దూ వెళ్ళే పాత దారి నేటికీ మూసే ఉంది. అటూ ఇటూ విడిపోయిన కుటుంబాలు అలాగే మిగిలిపోయాయి.

1999లో చొరబాటుదార్లను ముందు చూసినవారిలో ఒకరు తాషీ నమ్‌గ్యాల్ అనే పశువుల కాపరి. తప్పిపోయిన జడల బర్రె కోసం కొండెక్కి, కొత్త మనుషుల్ని చూసి సైన్యానికి కబురు చెప్పాడు. అలాంటివాళ్ళు బతుకుతెరువు లేక, బడి లేక, చలికాలం వైద్యం అందక ఊళ్ళు విడిచి కిందికి దిగిపోతే ఆ కొండల్ని ఎవరు చూస్తారు? ఆ రోడ్డు మీదే సోనమర్గ్ సొరంగం 2025 జనవరిలో తెరిచారు. జోజిలా సొరంగం పని సాగుతోంది. సైన్యానికి ఎంత ముఖ్యమో, కాన్పుకు శ్రీనగర్ పోవలసిన కార్గిల్ ఆడపడుచుకూ అవి అంత ముఖ్యం. పౌర విమాన సర్వీసు కావాలని కార్గిల్ జనం ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. దాన్నీ రక్షణ అవసరంగానే చూడాలని నా విన్నపం.

వచ్చే జూలైలో శిఖరాల పక్కన ఒక పటం కూడా వేయండి. శ్రీనగర్, ద్రాస్, కార్గిల్, లేహ్, స్కర్దూ అయిదూ అందులో కనబడాలి, వాటిని కలిపే రోడ్డూ కనబడాలి. దాన్ని కత్తిరించి మా టీ కొట్టు గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
ముమ్మిడివరం.