అమ్మలూ, ట్యూనర్ ఊడదీసే ముందు ఆ 33 వోల్టులు కొలిచి చూడు

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పాత కలర్ టీవీ ఆన్ చేసినప్పుడు బొమ్మ బాగానే ఉంటోందనీ, అరగంట గడిచేసరికి మెల్లగా రంగు పోయి, కాసేపటికి బొమ్మే చెదిరిపోతోందనీ, ఛానెల్ బటన్ దగ్గరున్న చిన్న చక్రం తిప్పితే మళ్లీ వస్తోందనీ రాశావు. ఆ చివరి మాట రాసి చాలా మంచి పని చేశావు. చక్రం తిప్పితే బొమ్మ తిరిగి వస్తోందంటే ట్యూనర్, అంటే ఛానెల్‌ని పట్టుకునే ఆ రేకు డబ్బా, పని చేస్తోంది, దాని వెనకుండి సిగ్నల్‌ని పెంచే ఐఎఫ్ భాగం పని చేస్తోంది, పిక్చర్ ట్యూబ్ దాకా అన్నీ పని చేస్తున్నాయి. నువ్వేమో ట్యూనర్ పోయిందని తేల్చేసి ఇంకోటి వెతుకుతున్నానన్నావు. కాస్త ఆగమ్మా. నేనూ ఒకసారి ఇలాగే మంచి ట్యూనర్ పీకేసి కొత్తది వేశాను, రోజంతా పట్టింది. మర్నాడు ఆ సెట్ అదే జబ్బుతో తిరిగొచ్చింది. తీరా చూస్తే పోయింది, ట్యూనింగ్‌కి కావలసిన 33 వోల్టులని నిలకడగా ఉంచే రెండు కాళ్ల చిన్న ఐసీ. ఆ సెట్ యజమాని ముందు నిలబడ్డ క్షణం నాకింకా గుర్తుంది, అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

బటన్లున్న ఆ కాలం సెట్లలో ట్యూనర్ తనంతట తాను ఛానెల్ ఎంచుకోదు. దాని లోపల వేరికాప్ డయోడ్లు ఉంటాయి. వాటికి ఇచ్చే వోల్టేజి పెరిగితే వాటి కెపాసిటెన్స్ తగ్గుతుంది, ట్యూనయ్యే ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. నువ్వు తిప్పుతున్న చక్రం చేసే పనల్లా సున్నా నుంచి సుమారు 30 వోల్టుల మధ్య ఎంత పంపాలో నిర్ణయించడమే. యూహెచ్ఎఫ్ అనే ఛానెళ్ల బ్యాండ్‌నే తీసుకో, 470 నుంచి 860 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మొత్తం పరిధి ఆ 30 వోల్టుల్లోనే సర్దుకోవాలి, అంటే సగటున వోల్టుకి 13 మెగాహెర్ట్జ్. ఒక ఛానెల్ వెడల్పే 6 నుంచి 8 మెగాహెర్ట్జ్. ఇక పదో వంతు వోల్టు జారితే ఏమవుతుందో నువ్వే లెక్కేసుకో. అందుకే మీటర్‌లో 28 ఉంది, బాగానే ఉంది అని వదిలెయ్యకు, పాయింట్ తర్వాత రెండు అంకెలు కూడా రాసుకోవాలి.

అయితే మూత తీయకముందే తేలే విషయాలు కొన్ని ఉన్నాయి. నువ్వు సిగ్నల్ ఇస్తున్నది, వీడియోని టీవీ ఛానెల్‌గా మార్చే ఆ చిన్న ఆర్ఎఫ్ మాడ్యులేటర్ బాక్స్ నుంచి కదా, జారుతున్నది టీవీయా, ఆ బాక్సా? పాత మాడ్యులేటర్లు కూడా వేడెక్కితే జారతాయి. బొమ్మ పోయాక టీవీని అలాగే ఆన్‌లో ఉంచి, బాక్స్‌ని మాత్రం ఓ ఇరవై నిమిషాలు ఆపి చల్లారనిచ్చి మళ్లీ పెట్టు. చక్రం ముట్టుకోకుండానే బొమ్మ సరిగ్గా వచ్చేస్తే నీ టీవీ మీద ఏ నిందా లేదు. (నేరుగా ఆంటెన్నా పెట్టి వెతికితే ఏమీ దొరకలేదని కూడా రాశావు, అది అసలు లోపమే కాకపోవచ్చు. అమెరికాలో పెద్ద స్టేషన్లు 2009 జూన్‌లో, బ్రిటన్‌లో 2012 అక్టోబరు కల్లా అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. అనలాగ్ ప్రసారం లేనిచోట ఈ సెట్‌కి దొరకడానికి గాలిలో ఏమీ ఉండదు.)

బాక్స్ మంచిదని తేలితే, మూడు వేర్వేరు బటన్లని అదే సిగ్నల్‌కి ట్యూన్ చేసి వదిలేయి. అరగంట తర్వాత ఒక్కటే జారితే ఆ బటన్ ప్రీసెట్‌లో, అంటే దాని చక్రంలో, కార్బన్ ట్రాక్ మురికి పట్టింది, సెట్ ఆఫ్ చేసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ చివర నుంచి ఈ చివరకి పది పదిహేనుసార్లు తిప్పి, పూర్తిగా ఆరాక ఆన్ చెయ్యి. మూడూ ఒకేలా జారితే తప్పు వాటన్నిటికీ కలిసి వచ్చే వోల్టేజిలో ఉంది. ఇదంతా చేసేటప్పుడు ట్యూనింగ్‌ని తనంతట తానే సరిచేసే ఏఎఫ్‌సీ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే అది జారుడుని కొంతసేపు దాచిపెట్టి, ఇక పట్టుకోలేక ఒక్కసారిగా వదిలేస్తుంది, నువ్వు తికమకపడతావు.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకో అనుమానం ఉంది. పాల్ అనే కలర్ ప్రసార పద్ధతి సెట్లలో ట్యూనింగ్ కిందకి జారితే ముందు రంగు పోతుంది, పైకి జారితే మాటలకి తగ్గట్టు బొమ్మ మీద అడ్డగీతలు ఊగుతాయి. నీకు రంగే ముందు పోతోంది కాబట్టి వోల్టేజి తగ్గుతోందనిపిస్తోంది. అలా తగ్గడానికి నేను ఎక్కువగా చూసిన కారణం చక్రం నుంచి ట్యూనర్‌కి ఆ వోల్టేజి తెచ్చే ట్యూనింగ్ లైన్ మీదున్న చిన్న కెపాసిటర్ వేడెక్కి లీకవడం. ఆ తర్వాతది, 100 వోల్టుల పైనుంచి ఆ 33 వోల్టుల ఐసీకి కరెంట్ తెచ్చే రెసిస్టర్, ఏళ్ల తరబడి వేడికి దాని విలువ పెరిగిపోతుంది.

ఇక మూత తీయడం. ఇక్కడ మాత్రం నా మాట అక్షరాలా వినాలి. పిక్చర్ ట్యూబ్ ఆనోడ్ దగ్గర 20 వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసినా కొంతసేపు నిలిచే ఉంటుంది. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. చాలా పాత సెట్లలో లోపలి రేకు చట్రమే (ఛాసిస్) మెయిన్స్‌కి కలిసి ఉంటుంది, సెట్‌ని మెయిన్స్ నుంచి వేరు చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆన్‌లో ఉన్న సెట్ లోపల చెయ్యి పెట్టకు. మీటర్ నల్ల తీగ ముందే క్లిప్‌తో ట్యూనర్ రేకుకి తగిలించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్క చేత్తోనే కొలువు. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చెయ్యి. టెన్షన్ పెట్టాలని కాదు తల్లీ, నువ్వు జాగ్రత్తగా ఉంటావని తెలిసినా రాయకుండా ఉండలేను.

మీటర్ డిజిటలే వాడు. ముల్లు మీటర్ తనే కొంత కరెంట్ లాగేసుకుని ఆ వోల్టేజిని దించేస్తుంది, లేని తప్పు చూపిస్తుంది. ముందు ఆ ఐసీ దగ్గర కొలువు. టీఏఏ 550, జెడ్‌టీకే 33, యూపీసీ 574, ఇలా ఏదో ఒక పేరు దాని మీద ఉంటుంది. అక్కడే జారుతుంటే ఐసీనో రెసిస్టరో. ఐసీ స్థానంలో మామూలు 33 వోల్టుల జీనర్ డయోడ్ మాత్రం వెయ్యకు, అది డిగ్రీ వేడికి 25 నుంచి 30 మిల్లీవోల్టులు జరుగుతుంది, ఒక జారుడు పోయి ఇంకో జారుడు వస్తుంది. ఐసీ దగ్గర నిలకడగా ఉండి, ట్యూనర్ వీటీ కాలు (ట్యూనింగ్ వోల్టేజి లోపలికి వెళ్లే కాలు) దగ్గర జారుతుంటే మధ్యలో ఏదో లీకవుతోంది. సెట్ ఆపి ఆ ఒక్క కాలు సోల్డర్ తీసి బోర్డు నుంచి విడదీసి, మళ్లీ బోర్డు వైపు కొలువు. ఇంకా జారుతుంటే బోర్డు మీది కెపాసిటర్, నిలబడితే లీకు ట్యూనర్ లోపలే.

ఇంకా నమ్మకం కుదరకపోతే, మూడు 9 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపితే 27 వోల్టులు వస్తాయి. వాటికి అడ్డంగా 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ పెట్టి, మధ్య కాలు విడదీసిన వీటీకి, మైనస్ ట్యూనర్ రేకుకి ఇచ్చి ఛానెల్ పట్టుకో. గంటసేపు బొమ్మ కదలకుండా నిలబడితే ట్యూనర్ నిక్షేపంలా ఉందన్నమాట. వీటీ దగ్గర వోల్టేజి కదలకుండా ఉండి బొమ్మ మాత్రమే జారితే, అప్పుడు వెతుకు కొత్త ట్యూనర్, నేను కాదనను. అప్పుడు కూడా దాని కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (సరిగా అతుక్కోని సోల్డర్) ఉందేమో భూతద్దంతో చూసి, ఒకసారి అన్నీ మళ్లీ సోల్డర్ చేశాకే.

నీ దగ్గరున్న రెండో సెట్, రిమోట్‌ది, దాని సంగతి వేరు. సెర్చ్‌లో బొమ్మలు కనబడుతున్నా ఆగకుండా పోతోందంటే ప్రాసెసర్‌కి, ఛానెల్ దొరికిందని చెప్పే సింక్ సిగ్నలో, ట్యూనింగ్ సరిగ్గా కుదిరిందని చెప్పే ఏఎఫ్‌టీనో అందడం లేదు. ఆగి, సేవ్ చేసి, ఆఫ్ చేయగానే మరిచిపోతే 24సీ02 లాంటి మెమరీ ఐసీని అనుమానించు. దాన్ని తర్వాత చూద్దాం, ముందు ఇది కానీ.

సెట్ చల్లగా ఉన్నప్పుడు ఐసీ దగ్గర ఎంత, వీటీ దగ్గర ఎంత, బొమ్మ చెదిరాక ఆ రెండు చోట్లా ఎంత, నాలుగు అంకెలూ రాసి పంపు. బొమ్మ తిరిగి రావడానికి చక్రం ఏ వైపు తిప్పావో కూడా రాయి. ఆ వోల్టేజి ఎక్కడ జారుతోందో చూడాలని నీకంటే నాకే ఆత్రంగా ఉంది.

నాన్న