పార్వో (కుక్కలకొచ్చే వైరస్ జబ్బు) టైంలో మా కుక్కల షెల్టర్‌కి అండగా నిలబడ్డ అందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్తే. ఐసోలేషన్‌లో మిగిలిన ఆఖరి కుక్కపిల్ల నిన్న చికెన్ నీళ్లు కలిపిన అన్నం మొత్తం నాకేసి గిన్నె కూడా బోర్లించేసింది, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా, ముందే రాస్తే దిష్టి తగుల్తుందేమోనని ఆగా. కొన్ని పిల్లలు దక్కలేదు, దాని గురించి ఇక్కడ రాయలేను.

ముందు మా డాక్టర్ మేడం గారికి. టెస్ట్ కిట్‌లో పార్వో పాజిటివ్ రాగానే, సెలైన్లు ఒకపక్క ఎక్కిస్తూనే, కొత్తగా ఏ కుక్కనీ లోపలికి తీసుకోవద్దని గేటు వేయించేశారు. జబ్బు పిల్లలతో కలిసి తిరిగినవాటిని, బాగానే కనపడుతున్నా సరే, 14 రోజులు విడిగా పెట్టించారు. రోజూ పని మొదలెట్టేది ఆరోగ్యంగా ఉన్న పిల్లల దగ్గర, తర్వాత ఈ అనుమానం పిల్లలు, జబ్బువి చిట్టచివర, వాటికి చీపురు, గిన్నెలు, మన చెప్పులతో సహా అన్నీ వేరే. నన్నడిగితే మందుల కంటే ఈ వరసే ఎక్కువ పిల్లల్ని కాపాడింది.

ఫినాయిల్ డబ్బాలు పంపినవాళ్లకీ థ్యాంక్స్, కానీ పార్వో ఫినాయిల్‌కి, శానిటైజర్‌కి చావదంట, అవి వేరే పనులకి వాడుకుంటాం 😊 బ్లీచ్ తెచ్చిన కాలేజీ తమ్ముళ్లూ, మీరు ముందు సబ్బుతో మురికంతా తోమి, తర్వాత 1 వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి నేల మీద పోసి 10 నిమిషాలు ఆరకుండా ఉంచి కడగడం, అదీ ఆ కంపులో, రక్తవిరోచనాలు ఎత్తిపోసుకుంటూ, మీ ఇంట్లో చూస్తే ఏమనేవాళ్లో!

ఇక మా ఆయమ్మ. ముందుకాలికి పెట్టిన సూదిని పిల్ల కొరికి పీకేస్తుందని, బాటిల్ అయిపోయేదాకా ఆ కాలు అరచేతిలో పట్టుకుని కూర్చునేది, పరుపులకని ఇంట్లో పాత చీరలన్నీ చింపేసింది, వాడినవి వాడినట్టు కాల్చేశాం. అమ్మా, కొత్త చీరలు నా బాకీ.

పిల్లల్ని ఫాస్టర్‌కి, అంటే కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకోడానికి, తీసుకున్న అక్కలకి, వ్యాక్సిన్ డబ్బులు వేసిన అన్నలకి విడిగా ఫోన్ చేస్తా. ఒక్క రిక్వెస్ట్, చూడ్డానికి రండి గానీ వ్యాక్సిన్లు పూర్తికాని మీ కుక్కపిల్లల్ని మాత్రం తీసుకురాకండి, సిమెంటు నేల కడిగాం కానీ మట్టిని కడగలేం, అందులో ఆ వైరస్ నెలల తరబడి ఉంటుంది.