ఎర్ర తెర వస్తే ‘ప్రొసీడ్’ కొట్టేయమంటారా?

సంపాదకులకు,

స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో మా ఊరి నెట్ సెంటర్లలో ఒక తంతు చూస్తున్నాను. కొన్ని ప్రభుత్వ సైట్లు తెరవగానే ఎర్ర త్రిభుజం వేసి, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని బ్రౌజర్ ఆపేస్తుంది. కౌంటర్లో కుర్రాడు దాన్ని చదవనైనా చదవడు. అడ్వాన్స్‌డ్, దాని కింద ప్రొసీడ్, రెండు క్లిక్కులు. అడిగితే ‘రోజూ వచ్చేదే సార్’ అంటాడు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ ఆ తర్వాత అందులోనే కొడతాడు. అతన్ని అని లాభం లేదు. ఒక శాఖ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే నాకూ అదే సలహా ఇచ్చారు: సర్టిఫికెట్ రెన్యువల్ కాలేదు, ప్రొసీడ్ కొట్టేయండి!

సర్టిఫికెట్ అంటే సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపే డిజిటల్ గుర్తింపు పత్రం. దాని గడువు తీరినా ఆ తెరే వస్తుంది. అదే వైఫైలో ఉన్నవాడో, రూటర్ని చేతిలో పెట్టుకున్నవాడో మధ్యలో దూరి నకిలీ సర్టిఫికెట్ చూపించినా ఆ తెరే వస్తుంది. తేడా అంతా కింద చిన్న అక్షరాల్లో ఉండే కోడ్‌లోనే: ‘డేట్ ఇన్‌వాలిడ్’ (తేదీ చెల్లదు) అనో, ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ (జారీ చేసినవాళ్లను బ్రౌజర్ నమ్మదు) అనో. క్యూలో నిలబడ్డవాళ్లు అది చూస్తారా? రెండో సందర్భంలో ప్రొసీడ్ నొక్కితే మనం కొట్టే ప్రతి అక్షరం ముందు వాడికే చేరుతుంది.

అసలు తెరే రాని ప్రమాదం కూడా మన దగ్గరే జరిగింది. 2014 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ల వ్యవస్థ నుంచి గూగుల్, యాహూ పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. ఆ జారీదారును విండోస్ నమ్మేది కాబట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడేవాళ్లకు ఏ హెచ్చరికా వచ్చేది కాదు. గూగుల్ పసిగట్టి చెప్పాకే వాటిని రద్దు చేశారు. అలాంటప్పుడు మామూలు మనిషి చేయగలిగింది ఏమీ లేదు. హెచ్చరిక వచ్చినప్పుడైనా ఆగుదామంటే ప్రభుత్వమే ఆగొద్దంటోంది.

ఖర్చు సాకు చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఏళ్ల తరబడి సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది, రెన్యువల్ కూడా కంప్యూటరే చేసుకుంటుంది. మొన్నటిదాకా 398 రోజులుండే సర్టిఫికెట్ గరిష్ఠ గడువును 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు కుదించారు, 2029 మార్చి నుంచి అది 47 రోజులే. ఏడాదికోసారే మర్చిపోయే శాఖలు నెలన్నరకోసారి గుర్తుపెట్టుకుంటాయంటే నాకు నమ్మకం లేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ఐటీ శాఖలూ రెన్యువల్‌ను ఆటోమేటిక్ చేయాలి. అది కుదిరాక హెచ్ఎస్‌టీఎస్ (సురక్షిత కనెక్షన్ తప్ప మరొకటి ఒప్పుకోవద్దని సైటు బ్రౌజర్‌కి ఇచ్చే ఆదేశం) పెడితే అసలు ప్రొసీడ్ లింకే కనిపించదు, చాలా బ్యాంకుల సైట్లు అలాగే నడుస్తున్నాయి. ఈలోగా హెల్ప్‌లైన్ల వాళ్లు ఆ సలహా మానేయాలి. సర్టిఫికెట్ ఎన్ని రోజులు ఆగిపోతే దరఖాస్తు గడువు అన్ని రోజులు పొడిగించాలి. లాస్ట్ డేట్ టెన్షన్‌లో ఉన్న పిల్లవాణ్ణి ఆగమంటే ఎందుకు ఆగుతాడు?

— ఒక పాఠకుడు, ఖమ్మం